అక్క చేతి ఆకుపచ్చ

ఆ రోజు అతుకులాయన చేయవలసిన పనులు రెండే. ఫ్రీజరులోంచి అక్క ట్రే తీసి వంటగట్టు మీద పెట్టాలి. పళ్ళ డాక్టరుగారి గోడకి సరిపోయే రంగు నమూనాలు పట్టుకెళ్ళాలి. రెండూ చిన్నపిల్లలు కూడా చేయగలిగిన పనులే. కానీ చిన్నపిల్లలకి చెప్పింది చెప్పినట్టు చేసే గుణం ఉంటుంది. ఆయనకి మధ్యలో సొంత బుర్ర వాడే అలవాటుంది.

కొత్త గోడలకి రంగు వేసేవాళ్ళు వీధికి నలుగురున్నారు. పాత గోడమీద కుర్చీ రాసుకుని గీరుకుపోయిన చోటా, మేకు పీకిన చోటా, చెమ్మకి పెచ్చులూడిన చోటా ఎన్నో ఏళ్ల కిందటి రంగుని మళ్ళీ కలిపి, అతుకు ఎక్కడ వేశాడో ఇంటివాళ్ళే వెతుక్కునేలా వేయగలిగినవాడు ఆయనొక్కడే. అందుకే ఆ పేరు. "అతుకు కనపడితే నా చెయ్యి నరుక్కుంటాను" అనేవాడు. ఇంతవరకూ రెండు చేతులూ భద్రంగా ఉన్నాయి కాబట్టి జనం నమ్మేవారు. ఆయన కన్ను అంత గొప్పది. ముక్కు మాత్రం ఆ వృత్తికే బలైపోయింది. ఏళ్ల తరబడి టర్పెంటైను వాసన పీల్చి పీల్చి అది ఎప్పుడో రాజీనామా ఇచ్చేసింది. పాలు పొంగి మాడినా, పక్కింట్లో గ్యాసు లీకైనా ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. ఒక్క వాసన మాత్రం ఎలాగో దారి చేసుకుని లోపలికి వచ్చేది. అది అక్క చేసే గ్రీన్ కర్రీ వాసన, అదీ పొయ్యిమీద వేగుతున్నప్పుడే.

అక్క అంటే మామూలు అక్క కాదు. తల్లి పనిలోకి వెళ్తే తమ్ముణ్ణీ చెల్లెల్నీ చెరో చంకన వేసుకుని పెంచిన అక్క. వాళ్ళు కాస్త ఎదిగాక సరుకు ఓడలో వంటమనిషిగా చేరి, సగం ఆయుష్షు నీళ్ళ మీదే గడిపింది. ఆ ఓడలో ఆవిడతోపాటు వంట చేసే థాయ్‌లాండ్ ముసలాయన ఒకడుండేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఆయన తన గ్రీన్ కర్రీ పేస్టు నూరడం ఆవిడకి నేర్పాడు. మోకాళ్ళు అరిగి ఓడ దిగినప్పుడు అక్క తెచ్చుకున్న ఆస్తి ఒక పెట్టె, ఒక రాతి రోలు. పెట్టెలో ఏముందో ఎవరూ అడగలేదు. రోలు మాత్రం ఇంట్లోకి మోయడానికి ఇద్దరు కావలసి వచ్చారు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆ రోలు చప్పుడుతోనే తెల్లవారేది. పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు, నిమ్మగడ్డి, అల్లానికి దాయాదిలా ఉండే ఒక దుంప, కూరలవాళ్ళు కోసి పారేసే కొత్తిమీర వేళ్ళు, వేయించిన ధనియాలు, జీలకర్ర, తెల్ల మిరియాలు, చివర్లో కాస్త ఎండురొయ్యల ముద్ద. అన్నీ మెత్తబడి ఒకటయ్యేదాకా నూరాల్సిందే. అతుకులాయన ముందుగదిలో వాలుకుర్చీలో పడుకుని ఆ చప్పుడు వింటూ కునుకు తీసేవాడు. కళ్ళు తెరిచేసరికి కొబ్బరిపాల మీగడలో ఆ పేస్టు వేగుతూ నూనె పైకి తేలుతుండేది. రాజీనామా ఇచ్చిన ముక్కు ఆ ఒక్కపూటా డ్యూటీలో చేరేది. ప్రపంచంలో అంతకన్నా సుఖమైన పూట ఇంకొకటి ఉంటుందని ఆయన ఎవరు చెప్పినా నమ్మేవాడు కాదు.

రెండేళ్ళ కిందట చలికాలంలో అక్క పోయింది. పోయే ముందు నూరించిన ఆఖరి విడత పేస్టుని ఐసు ట్రేలో సర్ది, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం బిగించి ఫ్రీజరులో పెట్టించింది. ఆ రోజునుంచీ అతుకులాయన ఆ ట్రేకి స్వయంప్రకటిత కాపలాదారు అయిపోయాడు. అక్క నియమాలు భార్యకి రోజూ అప్పజెప్పేవాడు. తడి చెంచా తగలనివ్వకూడదు. గుంటల్లో పేస్టుమీద నూనె ఒక పొరలా నిలవాలి. ఒకసారి కరిగిందాన్ని మళ్ళీ గడ్డకట్టించకూడదు. నాలుగో నియమం కూడా ఒకటుండేది గానీ అది ఆయనకి గుర్తులేదు. తనకి పనికిరాని సంగతులు మర్చిపోవడంలో ఆయనది అందెవేసిన చెయ్యి.

భార్య పొద్దుటిపూట బేకరీలో పిండి కలిపే పని చేస్తుంది. తెల్లారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొస్తుంది. మాట తక్కువ మనిషి. భర్త చెప్పే నియమాలన్నీ "ఊఁ" అంటూ వినేది. ఎప్పుడైనా ఆదివారం రెండు గడ్డలు తీసి కూర వండితే ఆయన కంచం ముందు కూర్చుని, "ఎంతైనా అక్క చేతిదే" అని నిట్టూర్చేవాడు. దానికీ ఆవిడ "ఊఁ" అనేది. ట్రే ఎంతకీ తరక్కపోవడం చూసి ఆయన అది అక్క చేతి చలవే అనుకున్నాడు. ఫ్రిజ్ తలుపు మంచినీళ్ళ కోసం తప్ప తీయని మనిషికి అంతకన్నా లోతైన ఆలోచన రాదు.

ఆ రోజు అక్క పుట్టినరోజు. చెల్లెలు భోజనానికి వస్తోంది. ముందురోజే భార్య, ఈసారి ట్రే మొత్తం వండేస్తానని చెప్పింది. ఆయనకి గుండెలో కలుక్కుమంది. ట్రే ఖాళీ అయితే అక్క ఇంకోసారి పోయినట్టే. కానీ చెల్లెలు కూడా కళ్ళల్లో వత్తులు వేసుకుని ఆ కూర కోసం చూస్తోంది. కానిమ్మన్నాడు.

పొద్దున్నే లేచి ట్రే తీసి వంటగట్టు మీద పెట్టాడు. అంతటితో ఆగితే ఈ కథ లేదు. పనిషెడ్డులోకి వెళ్ళి డాక్టరుగారికి చూపించాల్సిన నమూనాల ట్రే తెచ్చాడు. ఆయన రంగులు కలిపేదీ ఐసు ట్రేల్లోనే. గుంటకో ఛాయ. పైన తెట్టు కట్టకుండా అదే ప్లాస్టిక్ కాగితం. అసలు పేస్టుకి ట్రే వాడే ఉపాయం అక్కకి తమ్ముడి షెడ్డులోనే తట్టింది. రంగుల ట్రేలు వంటింట్లోకి రాకూడదని భార్య పెట్టిన నియమం ఒకటుంది గానీ, ఇంట్లో మంచి వెలుతురు వచ్చేది వంటింటి కిటికీ ఒక్కదానిలోంచే. రంగుని లైటు కింద చూసి నమ్మినవాడు చీకట్లో బేరమాడినవాడితో సమానమని ఆయన సిద్ధాంతం. కాబట్టి తన ట్రేని కూడా కిటికీ దగ్గర, అక్క ట్రే పక్కనే పెట్టాడు. ఇది నాది, అది అక్కది అని మనసులో గట్టిగా అనుకున్నాడు. అంతలో ఫోను మోగింది. డాక్టరుగారు మళ్ళీ రోగుల్లో పడిపోకముందే వస్తే రమ్మని క్లినిక్కునుంచి అమ్మాయి కబురు. మాట్లాడుతూనే చొక్కా వేసుకున్నాడు, మాట్లాడుతూనే ట్రే అందుకున్నాడు. ప్లాస్టిక్ కాగితం మీద ఆవిరి పట్టి ఉంది. కింద ఆకుపచ్చగా కనపడింది. అంతే చాలనుకున్నాడు.

డాక్టరుగారి వెయిటింగ్ రూము గోడ వాళ్ళ నాన్నగారు క్లినిక్ పెట్టినప్పటిది. కుర్చీల వీపులు రాసుకుని వరసగా మచ్చలు పడ్డాయి. మొత్తం గోడకి కొత్త రంగు వేయించుకోమంటే డాక్టరు ఒప్పుకోడు. నాన్నగారి రంగే ఉండాలి. ఆ ఆకుపచ్చ ఇప్పుడు ఏ కంపెనీ తయారు చేయదు. అతుకులాయన ఇంతకుముందు తెచ్చిన నమూనాలన్నిటికీ డాక్టరు పెదవి విరిచాడు. ఇవాళ కూడా కుదరకపోతే చెయ్యి నరుక్కోకపోయినా ముడుచుకోవలసిందే.

ఒక మూలగా కాగితం లేపి, మొదటి గుంటలో కుంచె ముంచి, మచ్చమీద ఒక పూత వేశాడు. రంగు కాస్త ముద్దగా ఉంది. మధ్యమధ్య పీచు తగులుతోంది. కుంచె వెంట్రుకలు ఊడుతున్నాయి కాబోలనుకున్నాడు. వెనక్కి జరిగి చూసి తనే నిర్ఘాంతపోయాడు. అతుకు కనపడటం లేదు. డాక్టరు గదిలోంచి వచ్చి, కళ్ళజోడు పైకెత్తి, గోడకి ముఖం ఆనించినంత దగ్గరగా వెళ్ళి చూశాడు.

"ఇదే. మా నాన్న వేయించిన రంగు అచ్చం ఇదే. ఆ మెరుపు కూడా వచ్చిందయ్యా."

అతుకులాయన ఉత్సాహంగా రెండో గుంటలో ముంచాడు. అదీ అదే రంగు. మూడోదీ అంతే. ఆ ఊపులో మచ్చల వరసంతా పూసేసరికి ఒక్క మూల గుంటే మిగిలింది. గుంటకో ఛాయ కలిపినవాడు అప్పుడు ఆగి ట్రే వంక చూశాడు. దవడ పట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ, లోపల ఎవరైనా వంట చేస్తున్నారా అని అడిగాడు. ఆయన పక్కనున్న ఆవిడ, పన్ను నొప్పితో నిన్నటినుంచి ఏమీ తినబుద్ధి కాలేదనీ ఇప్పుడే ఎందుకో ఆకలేస్తోందనీ అంది. అతుకులాయన గోడవైపు తిరిగి, ఎవరూ చూడకుండా కుంచెకి వేలు తగిలించి నాలుకకి రాసుకున్నాడు.

అక్క. పచ్చిమిరపకాయ ముందు గిల్లింది, వెనకాలే నిమ్మగడ్డి వచ్చింది, ఆ వెనక ఆదివారాలన్నీ వరసగా వచ్చాయి. వాలుకుర్చీ, రోలు చప్పుడు, "లేరా, చల్లారిపోతోంది" అన్న కేక. పళ్ళ డాక్టరు గోడముందు కుంచె పట్టుకుని నిలబడ్డ ఆ మనిషికి కళ్ళవెంట నీళ్ళు జలజలా కారాయి. అక్క ఆఖరి పేస్టు గోడ మీద ఉంది. దాన్ని అక్కడ రాసింది తనే.

డాక్టరు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. పనిమీద ఇంత ప్రేమ ఉన్నవాణ్ణి తను చూడలేదన్నాడు. తన కళ్ళు కూడా చెమ్మగిల్లాయన్నాడు. అది నాన్నగారి జ్ఞాపకమో మిరపకాయ ఘాటో ఆయనకే తెలియాలి. అంత మాట అన్నాక నిజం చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? అతుకులాయన ఆరనివ్వాలని గొణిగి, ఒక మూల గుంటలో మిగిలిన కాస్తా మూసుకుని బయటపడ్డాడు.

దారిలో బుర్ర పనిచేయడం మొదలెట్టింది. అదే వచ్చిన చిక్కు. పోయిన పేస్టుని మళ్ళీ తయారు చేస్తే? జీవితమంతా పోయిన రంగుల్ని తిరిగి కలిపినవాడు ఇదొక్కటి కలపలేడా? కూరల బండి దగ్గర స్కూటరు ఆపి, ట్రేలో మిగిలిన ముద్దని వెలుతురులో పెట్టి, కనిపించిన ప్రతి కూరనీ దాని పక్కన పట్టుకుని చూడసాగాడు. పాలకూర ముదురు. దోసకాయ తొక్క లేత. సగం పాలకూర, పావు కొత్తిమీర, కాస్త బఠానీ వేస్తే ఛాయ దిగుతుంది. కూరలమ్మే ఆవిడ చాలాసేపు ఓపిక పట్టింది.

"బాబూ, నువ్వు కొనేది కూరకా, చీరకా?"

"మా ఇంటావిడకి తేడా తెలియకూడదమ్మా. రెండు ట్రేలూ పక్కపక్కన పెట్టినా..."

నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. రెండు ట్రేలు. అక్క ట్రే తన చేతిలో ఉందంటే ఇంట్లో వంటగట్టు మీద ఉన్నది ఏ ట్రే? టైము చూసుకున్నాడు. బేకరీనుంచి భార్య వచ్చేసి ఉంటుంది. చెల్లెలు కూడా వచ్చేసే ఉంటుంది. ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. భార్య ఫోను ఎప్పుడూ ఆవిడ చేతిసంచి అడుగున నిద్రపోతూ ఉంటుంది. పాలకూర బండి మీదే వదిలేసి స్కూటరెక్కాడు.

ఇంటికి వచ్చేసరికి పొయ్యిమీద గిన్నె ఉడుకుతోంది. వంటగట్టు మీద ట్రే లేదు. గిన్నె పక్కన చెల్లెలు నోట్లో గరిటె పెట్టుకుని నిలబడి ఉంది. కళ్ళు మూసుకుని మరీ రుచి చూస్తోంది.

"అచ్చం అక్క చేతిదే అన్నయ్యా" అంది.

ఆయన గరిటె లాక్కున్నాడు. పొయ్యి ఆర్పాడు. ఉమ్మెయ్యమన్నాడు. ఎందుకంటే చెప్పలేదు. కొబ్బరిపాలు విరిగాయన్నాడు, గిన్నెకి కళాయి పోయిందన్నాడు, చివరికి బల్లి పడిందన్నాడు. గిన్నెమీద మూత ఉందిగా అంది చెల్లెలు. ఆవిడ ముఖం ఇంకా ఆకుపచ్చగా మారలేదు గానీ మారడానికి ఎంతోసేపు పట్టదని ఆయనకి అనిపించింది. అక్క పెంచి అప్పగించిన చెల్లెలు. ఇవాళ అక్క పుట్టినరోజు. తనకి తెలిసిన ఒకే ఒక్క డాక్టరుకి ఫోను చేశాడు.

"డాక్టరుగారూ, మనిషి ఆకుపచ్చ రంగు తింటే ఏం చెయ్యాలండీ?"

"ఎవరు తిన్నారు? నా గోడకి వేసిన రంగేనా?" డాక్టరు గొంతు మారిపోయింది. ఎవరో రోగి గోడ నాకాడనుకున్నాడు కాబోలు.

"కాదండీ. మీ గోడ మీదది తినొచ్చు. ఇంట్లో ఉన్నదే తినకూడదు."

డాక్టరు అర్థంకాక మళ్ళీ అడుగుతున్నాడు. అతుకులాయన వినడం మానేశాడు, ఎందుకంటే పెరట్లోంచి ఆకులు కోసుకుని భార్య అప్పుడే లోపలికి వచ్చింది. భర్త చొక్కామీద పచ్చటి మరకలు చూసింది. చంకలో దాదాపు ఖాళీ అయిన ట్రే చూసింది. ఆరిపోయిన పొయ్యి చూసి మళ్ళీ వెలిగించింది.

"మీ రంగుల ట్రే షెడ్డులో అరమీద పెట్టాను. వంటింట్లోకి తేవద్దని ఎన్నిసార్లు చెప్పినా అంతే" అంది.

ఆయన ఫోను పెట్టేశాడు. చెల్లెలి చేతికి గరిటె తిరిగి ఇచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. చెల్లెలు తిన్నది రంగు కాదు. అప్పుడు జరిగిందంతా చెప్పాడు. అక్క ఆఖరి పేస్టు గోడపాలు చేశానని చెబుతూ ట్రే భార్య ముందు పెట్టాడు. ఇద్దరాడవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ తిట్టలేదు. అదే ఆయనకి అనుమానం తెప్పించింది.

"మరి ఈ గిన్నెలో ఉన్నదేమిటి?" అన్నాడు.

భార్య ఫ్రీజరు తీసి చూపించింది. వెనకవైపు, బఠానీల సంచి చాటున ఇంకో ట్రే ఉంది. సగం ఖాళీగా ఉంది.

"అక్క రెండు ట్రేలు పెట్టిందా?"

"అన్నయ్యా, అక్క పోయి ఎన్నాళ్ళయింది? అదెన్నాళ్ళు నిలవుంటుంది?" అంది చెల్లెలు. "ఫ్రీజరులో ఆరునెలలే, ఆ తర్వాత అది పేస్టు కాదు, పచ్చరంగే అని అక్కే కదా అనేది."

నాలుగో నియమం అదే. ఆయనకి ఇప్పుడు గుర్తొచ్చింది. అక్క ఆ మాట అంటూ తన షెడ్డువైపు చూసి నవ్వడం కూడా గుర్తొచ్చింది. అయితే ఈ రెండేళ్ళుగా తను "అక్క చేతిదే" అని నిట్టూర్చుతూ తిన్నదంతా ఎవరి చేతిది? అడగాల్సిన పనిలేకపోయింది. భార్య పిండి పిసికే చేతుల్ని చీర కొంగుకి తుడుచుకుంటోంది. మణికట్టు దగ్గర ఒక పచ్చటి మరక.

"మీ అక్క మణికట్లు పట్టు తప్పాక రోలు దగ్గర నన్నే కూర్చోబెట్టేది" అంది ఆవిడ. "ఆవిడ పక్కన కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను నూరేదాన్ని. చివరి మూణ్ణాలుగేళ్ళూ అంతే. మీరు ముందుగదిలో నిద్రపోతుండేవారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు తిన్న ప్రతిసారీ అక్క చేతిదే అనేవారు. ఆ కాసేపూ ఆవిడ ఇంట్లో ఉన్నట్టుండేది. నాకూ బాగానే ఉండేది." పొయ్యి మంట తగ్గిస్తూ, "ఇవాళ ట్రే ఖాళీ చేసి చెబుదామనుకున్నాను. తిన్నాక" అంది.

చెల్లెలికి ఎప్పుడో తెలుసట. వదిన దగ్గర నేర్చుకుని తన ఇంట్లో కూడా ఒక ట్రే పెట్టుకుందట. తెలియనివాడు ఈ ఇంట్లో కాపలాదారు ఒక్కడే.

ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. పెరట్లోంచి తెచ్చిన ఆకులు చివర్లో వేసింది భార్య. గిన్నె మూత తీయగానే ఆయన ముక్కు ఎప్పటిలాగే డ్యూటీలో చేరింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, ప్రాణం పెట్టి వెతికాడు. అక్క చెయ్యి ఎక్కడ ఆగిందో, భార్య చెయ్యి ఎక్కడ మొదలైందో ఒక్కచోటైనా దొరుకుతుందని చూశాడు. దొరకలేదు. అక్క ఉంది. అలాగే ఉంది. అక్క పోయిన రోజు ఏడవలేకపోయిన మనిషి ఇప్పుడు కంచం ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. భార్య ఆయన కంచంలో ఇంకాస్త కూర వేసింది.

"అతుకు కనపడిందా?" అని అడిగింది.

"లేదు" అన్నాడు ఆయన. ఇన్నేళ్ళలో ఆ మాట తనతో చాలామంది అన్నారు. తను ఇంకొకరితో అనడం ఇదే మొదటిసారి.

ఫోను మళ్ళీ మోగింది. పళ్ళ డాక్టరు. అతుకులాయన చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడి, పొద్దున్నుంచీ దాచిన నిజమంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు, ఇప్పుడే వచ్చి గోడ కడిగేస్తానన్నాడు. డాక్టరు తిడతాడని ఎదురుచూశాడు. డాక్టరు అది కడిగితే ఊరుకోనన్నాడు. రంగు నాన్నగారిదే, అది కూర అయినా సరే. పైగా ఇన్నాళ్ళూ నోరు తెరవమని రోగుల్ని బతిమాలుకోవాల్సి వచ్చేదనీ, ఇవాళ ఆ పూత వేసిన దగ్గర్నుంచీ అందరూ నోరూరుతూ తెరుచుకునే లోపలికి వస్తున్నారనీ చెప్పాడు. అయితే ఒక పెద్దాయన గోడకి మరీ దగ్గరగా కూర్చుంటున్నాడట, అక్కడక్కడా పల్చబడిందట, ఇంకో పూత కావాలట.

ఆయన ఫోను చేత్తో మూసి సంగతి చెప్పగానే భార్య తల ఎత్తకుండానే, రెండో పూతకి ఎన్ని ట్రేలు పడతాయో కనుక్కోమంది.